తప్పు గిన్నెదా, పుట్టుకదా?

బొద్దుగా ఉన్న కుక్క ఎదురైతే మన చూపు ముందు దాన్ని పట్టుకున్న మనిషి మీదికి పోతుంది. "పెట్టేవాళ్ళకి బుద్ధి ఉండాలి" అనేస్తాం. ఆ మాటలో నిజం ఎంతో, తొందరపాటు ఎంతో తేల్చుకోవాలని ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఈ సంవాదం రాశాను. ఒకరు ఏలూరు పక్కన చాలాకాలం బాయిలర్ షెడ్లు నడిపి, ఇప్పుడు ఇంట్లో ఒక లాబ్రడార్‌ని పెంచుకుంటున్న బాబాయ్. రెండోవారు ఆయన అన్న కూతురు, విజయవాడలో కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేసే డాక్టరమ్మ. మనుషులిద్దరూ కల్పితం. వాళ్ళ నోట వచ్చే ప్రయోగాలూ అంకెలూ మాత్రం నిజమైనవి.

బాబాయ్: నీ దగ్గరికి లాబ్రడార్‌ని తెచ్చినవాళ్ళతో "తప్పంతా మీది కాదు, దాని పుట్టుకలోనే ఉంది" అన్నావట. ఆ మాట నాకు నచ్చలేదమ్మా. నా బతుకంతా దాణా బస్తాల మధ్యే గడిచింది. తిండి పెట్టకుండా ఒళ్ళు చేసిన జీవాన్ని ఇంతవరకూ చూడలేదు. బిస్కెట్లు మానమని గట్టిగా చెప్పాల్సింది పోయి జన్యువులంటే, రేపటినుంచి వాళ్ళ చేతికి అడ్డేముంటుంది?

డాక్టరమ్మ: బిస్కెట్లు మానమనీ చెప్పాను బాబాయ్. తిండి లేకుండా కొవ్వు రాదని నాకూ తెలుసు. నేనంటున్నది వేరు. ఒకే కొలత తిండి రెండు కుక్కల ఒంట్లో ఒకే పని చెయ్యదు.

బాబాయ్: ఎందుకు చెయ్యదు? గిన్నెలో ఎంత బలం ఉందో అంతే ఒంటికి పడుతుంది. ఒకటి బలిసి ఇంకోటి బలవలేదంటే, బలిసినదానికి బల్ల కిందనుంచి ఎవరో అందిస్తున్నారన్నమాట.

డాక్టరమ్మ: సరే, కుక్కల్ని కాసేపు పక్కన పెడదాం. నీకు తెలిసిన చోటికే వస్తాను. బాయిలర్ కోడి ఆరు వారాలకి రెండున్నర కిలోలు తూగుతుంది. జనం దానికి ఏం కారణం చెబుతారు?

బాబాయ్: ఇంజెక్షన్లంటారు, హార్మోన్లంటారు. వింటే ఒళ్ళు మండుతుంది. షెడ్డులో వేల పిల్లలుంటే ఒక్కోదాన్నీ పట్టుకుని సూది పొడుస్తూ కూర్చుంటే రైతుకి మిగిలేదేముంది? అదంతా దాణా గొప్పతనం. మొక్కజొన్న, సోయా, ఎమైనో ఆసిడ్లు, విటమిన్లు... ముందు ప్రీస్టార్టర్, తర్వాత స్టార్టర్, ఆఖర్న ఫినిషర్. దాణా ఎంత మెరుగుపడిందో నేను కళ్ళారా చూశాను.

డాక్టరమ్మ: అదే దాణా నాటుకోడికి ఎప్పుడైనా వేశావా?

బాబాయ్: వెయ్యకేం? బస్తా అడుగున మిగిలింది పెరట్లో చల్లేవాళ్ళం. కాస్త నిగనిగలాడేవి. అంతకుమించి ఏమీ లేదు.

డాక్టరమ్మ: నువ్వు పెరట్లో చూసిందే అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీవాళ్ళు తూచి మరీ చూశారు. జెరాల్డ్ హేవెన్‌స్టీన్ బృందం 2003లో ఆ ఫలితాలు ప్రచురించింది. 1957 నాటి కోడి వంశం ఒకదాన్ని బరువు కోసం ఏరకుండా, ఉన్నదున్నట్టు కాపాడుతూ వచ్చారు. అది ఒకటి. 2001 నాటి రాస్ 308 బాయిలర్ రెండోది. దాణాలూ రెండే: 1957 నాటి తరహాది ఒకటి, 2001 నాటిది ఇంకొకటి. రెండు వంశాలకీ రెండు దాణాలూ పెట్టారు.

బాబాయ్: అంటే నాలుగు గుంపులు. అదీ పద్ధతంటే. తూకాలు చెప్పు.

డాక్టరమ్మ: 42 రోజులకి పాత కోడి, పాత దాణా మీద 539 గ్రాములు. అదే పాత కోడికి కొత్త దాణా పెడితే 578.

బాబాయ్: తేడా 39 గ్రాములేనా? నలభై నాలుగేళ్ళ దాణా పరిశోధనకి ఫలితం అంతేనా?

డాక్టరమ్మ: పాత కోడి ఒంట్లో అంతే. కొత్త కోడి, కొత్త దాణా మీద 2,672 గ్రాములు. దానికే పాత దాణా పెట్టినా రెండు కిలోలు దాటింది. ఎదుగుదలలో వచ్చిన మార్పులో 85 నుంచి 90 శాతం వంశానిదే, దాణాది 10 నుంచి 15 శాతం అని తేల్చారు.

బాబాయ్: ఉండు. కొత్త కోడికి పాత దాణా వేస్తే తగ్గిన బరువెంత?

డాక్టరమ్మ: అర కిలో పైనే.

బాబాయ్: మరి? బ్యాచ్ మొత్తం మీద కోడికి అర కిలో పడిపోతే రైతు అప్పులపాలవుతాడు. దాణాది పది శాతమే అని నువ్వు తేలిగ్గా అంటున్నావు గానీ, ఆ పది శాతంలోనే మా బతుకుంది.

డాక్టరమ్మ: నేను తేలిగ్గా అనలేదు బాబాయ్. అదే కొత్త దాణా ఒక కోడికి 39 గ్రాములు కలిపింది, ఇంకో కోడికి అర కిలో కలిపింది. మరి ఆ దాణా బలమెంత అని అడిగితే నువ్వు ఏ అంకె చెబుతావు?

బాబాయ్ దగ్గర దీనికి సమాధానం లేదు. మనలో చాలామంది దగ్గరా ఉండదు. తిండి, పుట్టుక అనగానే రెండింటికీ వాటాలు పంచాలని చూస్తాం: ఇంత దీనిది, ఇంత దానిది అని. పైన చెప్పిన శాతాలూ ఆ పంపకంలోవే. అవి తప్పని కాదు. కానీ ఆ నాలుగు తూకాల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది శాతాల లెక్క కాదు. దాణా ఎంత పనిచేస్తుందన్నది దాన్ని తిన్న కోడిని బట్టి మారిపోయింది. తినే జీవాన్ని పక్కన పెట్టి తిండికి విలువ కట్టడం కుదరదని ఇంత సూటిగా చూపించిన ప్రయోగాలు తక్కువ.

బాబాయ్: సరేనమ్మా, కోడిని తరతరాలుగా బరువు కోసమే ఏరారు. ఎద్దుల సంగతీ నాకు తెలియంది కాదు. మా నాన్న ఒంగోలు ఎద్దులు ఎండాకాలం ఒట్టి వరిగడ్డి మీద నెట్టుకొచ్చేవి. ఆ గడ్డి మీదే సీమ జాతితో కలిపిన హెచ్‌ఎఫ్ క్రాస్ ఆవుని ఉంచితే నెల తిరక్కుండా ఎముకలు తేలతాయి. పచ్చిమేత, దాణా దండిగా పెట్టినప్పుడు పాలల్లో మాత్రం ఒంగోలు ఆవు దాన్ని అందుకోలేదు. ఇవన్నీ మనిషి పనిగట్టుకుని ఏరినవి. లాబ్రడార్‌ని కొవ్వు కోసం ఏరినవాళ్ళెవరు?

డాక్టరమ్మ: కొవ్వు కోసం ఎవరూ ఏరలేదు. అయినా అది వచ్చి చేరింది. 2016లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో ఎలెనార్ రఫాన్, ఆవిడా నాలాగే వెటర్నరీ డాక్టరు, తన బృందంతో లాబ్రడార్ల డీఎన్‌ఏ పరీక్షించారు. పోమ్‌సీ అని ఒక జన్యువుంది. ఆకలినీ, ఒంట్లో శక్తి ఖర్చునీ అదుపులో పెట్టే కొన్ని సంకేతాలు దాన్నుంచే తయారవుతాయి. కొన్ని లాబ్రడార్లలో ఆ జన్యువులో 14 అక్షరాలు ఎగిరిపోయి ఉన్నాయి. దాంతో బీటా ఎంఎస్‌హెచ్, బీటా ఎండార్ఫిన్ అనే రెండు సంకేతాలు తయారుకావు. ఈ లోపం ఉన్న జన్యు ప్రతి (కాపీ) తల్లినుంచి రావచ్చు, తండ్రినుంచి రావచ్చు, ఇద్దరినుంచీ రావచ్చు. ఒక్కో ప్రతికీ సగటున 1.9 కిలోల బరువు ఎక్కువ కనిపించింది.

బాబాయ్: ఒక ప్రతికి రెండు కిలోలు, రెండుంటే నాలుగు. నీ దగ్గరికి వచ్చిన కుక్క ఉండాల్సినదానికన్నా పది కిలోలు ఎక్కువుందన్నావు. నాలుగు జన్యువుకి రాసేద్దాం. మిగతా ఆరు కిలోలు ఎవరివి?

డాక్టరమ్మ: పెట్టినవాళ్ళవే. అది ఒప్పుకుంటాను. కానీ వాళ్ళు ఎందుకు పెట్టారు? అది అడిగింది కాబట్టి. ఎంతలా అడుగుతుందో కొలిచారు కూడా. 2024లో అదే బృందం ఇంకో పని చేసింది. ముందు లాబ్రడార్లకి ఇరవై నిమిషాలకోసారి ఒక డబ్బా తిండి పెడుతూ, ఇక చాలని అవే మానేసేదాకా చూశారు. అన్నీ బాగా తిన్నాయి. లోపం ఉన్నవి మిగతావాటికన్నా ఎక్కువేమీ తినలేదు.

బాబాయ్: మరింకేం? తిండిపోతు కాదని తేలింది కదా.

డాక్టరమ్మ: మిగతాది విను. ఇంకోరోజు అన్నిటికీ ఒకే కొలత ఉదయపు తిండి పెట్టి, మూడు గంటలు ఆగి, ఒక డబ్బాలో సాసేజ్ ముక్క ఉంచి ముందు పెట్టారు. డబ్బాలోంచి లోపలిది కనిపిస్తుంది. మూతకి చిల్లులున్నాయి కాబట్టి వాసనా వస్తుంది. తియ్యడానికి మాత్రం రాదు. ఆ లోపం ఉన్న కుక్కలు డబ్బాని మిగతావాటికన్నా ఎక్కువసేపు గీకాయి, నాకాయి, మూతితో నెట్టాయి. కడుపు నిండడంలో తేడా లేదు బాబాయ్. నిండిన కడుపు మళ్ళీ ఎంత త్వరగా ఆకలంటుందన్న దగ్గర ఉంది తేడా.

బాబాయ్: మావాడూ అంతే. పొద్దున తిన్న గంటకే ఖాళీ గిన్నె నోట కరుచుకొచ్చి నా కాళ్ళ దగ్గర పడేస్తాడు. నేను పేపరు చదువుతుంటే దాన్ని పంజాతో టకటకా కొడతాడు. ఇంట్లో అందరూ నవ్వి, ఒక చపాతీ ముక్క వేస్తారు.

డాక్టరమ్మ: వాడికి ఆ లోపం ఉందో లేదో పరీక్ష చెయ్యకుండా నేను చెప్పను. 2016లో చూసిన లాబ్రడార్లలో కనీసం ఒక ప్రతి ఉన్నవి 23 శాతమే. కానీ 2024 ప్రయోగంలో ఇంకో సగం ఉంది. లోపం ఉన్న కుక్కలు విశ్రాంతిగా పడుకున్నప్పుడు ఖర్చు చేసే శక్తి దాదాపు 25 శాతం తక్కువ. ఆకలి ఎక్కువ, ఖర్చు తక్కువ. రెండు వైపులనుంచీ దెబ్బే. పక్కింటి కుక్క తిన్నంతే తిన్నా ఇది బలుస్తుంది. బల్ల కిందనుంచి ఎవరూ ఏమీ అందించకపోయినా సరే.

బాబాయ్: ఈ మాట ముందే చెప్పాల్సింది. నా లెక్కలో రాబడి వైపు ఒక్కటే చూశాను.

డాక్టరమ్మ: ఇంకో సంగతి. మనుషులకి తోడుగా పనిచెయ్యడానికి శిక్షణ ఇచ్చిన లాబ్రడార్లని చూస్తే, 76 శాతం కుక్కల్లో ఆ లోపం ఉంది. తిండి ముక్క బహుమానంగా ఇచ్చి నేర్పుతాం కదా. ఆకలి ఎక్కువున్న కుక్క చెప్పినమాట త్వరగా నేర్చుకుంటుంది. అలాంటివాటినే మంచి కుక్కలని పిల్లల కోసం ఉంచుకుని ఉంటారని పరిశోధకుల ఊహ. మనం మెచ్చుకున్న గుణమూ, బరువూ ఒకే చోటనుంచి వచ్చి ఉండొచ్చు.

బాబాయ్: అయితే తప్పు మళ్ళీ మనిషిదే. గిన్నె నింపిన మనిషిది కాకపోతే, జత కట్టించిన మనిషిది. ఇది నేను ఇంకోచోట కూడా చూశాను. బాయిలర్ పిల్లలు ఆరు వారాల్లో వెళ్ళిపోతాయి. వాటిని కన్న పేరెంట్ కోళ్ళు చాలా నెలలు బతకాలి. ఆ ఒంటికి ఇష్టమొచ్చినంత తిననిస్తే కాళ్ళు పోతాయి, గుడ్లు పెట్టలేవు. అందుకని ఎదిగే వయసులో వాటికి చాలా తగ్గించి పెడతారు. రోజు మార్చి రోజు పెట్టే ఫారాలూ ఉన్నాయి, స్కిప్ ఎ డే అంటారు. దాణా వెయ్యని రోజున ఆ షెడ్డులోకి వెళితే తెలుస్తుంది. ఖాళీ తొట్టిని పొడుస్తూనే ఉంటాయి. నువ్వు చెప్పిన సాసేజ్ డబ్బా నాకు కొత్త కాదమ్మా. జన్యువు పేరు చెప్పి కుక్కకీ అదే గతి పట్టిస్తావా?

ఈ ప్రశ్న బాబాయ్ నోట వచ్చినందుకు నాకు సంతోషంగా ఉంది. జన్యువుల మీద రాసే వ్యాసాలు సాధారణంగా దీన్ని దాటేస్తాయి. ఒక జీవాన్ని తీరని ఆకలితో పుట్టించి, ఆ ఆకలి తీర్చకుండా ఉంచడమే దానికి ఆరోగ్యం అని చెప్పడం చాలా బరువైన మాట. డాక్టరమ్మ దీన్ని తేలిగ్గా తీసుకోలేదు.

డాక్టరమ్మ: పేరెంట్ కోళ్ళ సంగతికి నా దగ్గర మంచి జవాబు లేదు. అది ఏరేవాళ్ళు దిద్దుకోవాల్సింది. కుక్క విషయంలో మాత్రం కొంత చెయ్యొచ్చు. రోజంతటి తిండిని పొద్దున్నే తూచి పక్కన పెట్టు. దాన్నే నాలుగైదు విడతలుగా పెట్టు. గిన్నెలో పొయ్యకుండా వరండా అంతా చల్లితే వెతుక్కుని తింటాడు, అరగంట పడుతుంది. చపాతీ ముక్క బదులు కీరా ముక్క, ఉడికించిన బీన్స్ వెయ్యి. ఆకలి పూర్తిగా పోదు. ఆకలితో గడిపే సమయం తగ్గుతుంది.

బాబాయ్: మొత్తానికి మితంగా పెట్టాలి. అది మా అమ్మా చెప్పేది. దానికి ఇంత సైన్సెందుకు?

డాక్టరమ్మ: ఎంత పెట్టాలన్న దగ్గర ఆగిపోతే డాల్మేషియన్ దగ్గర దెబ్బతింటావు. మచ్చల కుక్క. బక్కగా ఉంటుంది, బరువు సమస్య లేదు. దానికి కొలిచి, మితంగా, రోజూ లివరు ముక్కలు పెట్టు. ఏదో ఒకరోజు మూత్రం ఆగిపోయి నా టేబుల్ మీద ఉండొచ్చు. లివర్, కిడ్నీ లాంటి మాంసాలనుంచి యూరిక్ ఆసిడ్ ఎక్కువ వస్తుంది. మిగతా కుక్కల లివరు దాన్ని తేలిగ్గా కరిగే అల్లాంటోయిన్‌గా మార్చేస్తుంది. డాల్మేషియన్‌లోనూ ఆ మార్చే శక్తి ఉంది. కానీ యూరిక్ ఆసిడ్‌ని లివరు కణాల లోపలికి చేర్చే ద్వారం పాడైంది. ఎస్‌ఎల్‌సీ2ఏ9 అనే జన్యువులో లోపం అని 2008లో కనుక్కున్నారు. ఆ ఆసిడ్ మూత్రంలోకి దిగి రాళ్ళు కట్టొచ్చు. మగవాటికి మరీ ప్రమాదం.

బాబాయ్: లివరు మానిపిస్తే సరి.

డాక్టరమ్మ: మానిపించాలి, నీళ్ళు బాగా తాగించాలి. అయినా కొన్నిటికి రాళ్ళు వస్తాయి. అసలు మందు వేరేచోట దొరికింది. 1973లో అమెరికాలో రాబర్ట్ షైబుల్ అనే జన్యుశాస్త్రవేత్త ఒక డాల్మేషియన్‌ని పాయింటర్ కుక్కతో ఒకే ఒక్కసారి దాటించాడు. పుట్టిన పిల్లల్లో మంచి జన్యువు ఉన్నవాటిని మళ్ళీ మళ్ళీ డాల్మేషియన్లతోనే కలుపుతూ వచ్చారు. కొన్ని తరాలకి మచ్చలూ రూపమూ అవే, మూత్రం మాత్రం మామూలు కుక్కది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఆ వంశాన్ని తన పుస్తకంలో రాసుకోవడానికి 2011 దాకా పట్టింది. జాతి శుద్ధి పోతుందని అభ్యంతరం.

బాబాయ్: శుద్ధి కోసం రాళ్ళతో బాధపడనిచ్చారా! అది మాత్రం క్షమించరానిది. సరే, నా ఆఖరి మాట విను. నువ్వు జాతిని బట్టి తిండి అంటావు. ఆ మాట పట్టుకుని దుకాణాల్లో జాతి పేరు రాసిన ప్యాకెట్లు పేర్చారు. రెట్టింపు ధర. మన వీధికుక్క పప్పన్నం, పెరుగన్నం తిని చక్కగా బతికింది.

డాక్టరమ్మ: అన్నం గురించి నువ్వన్నది నిజం. స్వీడన్‌లో ఉప్సాలా యూనివర్సిటీవాళ్ళు 2013లో చూపించారు. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమ్ జన్యువు, ఏఎంవై2బీ, తోడేలుకి రెండు ప్రతులే ఉంటే కుక్కలకి నాలుగు నుంచి ముప్ఫై దాకా ఉన్నాయి. కుక్క తోడేలే కదా, మాంసమే పెట్టాలి అనేవాళ్ళకి అది జవాబు. అయితే సేద్యం లేని చోట్ల పెరిగిన హస్కీలాంటి వాటికి ఆ ప్రతులు తక్కువ. వాటికి అన్నం విషమని కాదు, మన వీధికుక్కని చూసి హస్కీకి గిన్నె నింపొద్దని. ఇక ప్యాకెట్ల మీద నీకన్నా నాకే కోపం. లాబ్రడార్లలో 23 శాతానికి ఆ లోపం ఉందంటే నాలుగింట మూడు లాబ్రడార్లకి లేదనే కదా. ఒకే ఈతలో పుట్టిన రెండు పిల్లల్లో ఒకదానికి ఉండి, ఇంకోదానికి లేకపోవచ్చు. జాతి పేరు చూసి ఆ తేడా ఏ ప్యాకెట్టూ చెప్పలేదు. ఆ కుక్క ఒంటినే చూడాలి.

బాబాయ్: ఒంటిని చూడాలన్నావు కాబట్టి మనిద్దరికీ పేచీ లేదు. నా భయం ఒక్కటే. "జన్యువులండీ" అని చెప్పి జనం చేతులు దులుపుకుంటారు.

డాక్టరమ్మ: దులుపుకోవడానికి వీల్లేదని కూడా రఫాన్ బృందమే చూపించింది. 2025లో వచ్చిన పరిశోధనలో డెన్‌డీ1బీ అనే ఇంకో జన్యువుతో సహా చాలా తేడాలని కలిపి, ఏ లాబ్రడార్‌కి బలిసే ముప్పు ఎంతో లెక్క కట్టారు. ముప్పు ఎక్కువున్నవాటిని కూడా తిండీ వ్యాయామమూ గట్టిగా పట్టించుకున్నవాళ్ళు బలవకుండా కాపాడుకున్నారు. కాకపోతే దానికి చాలా ఎక్కువ శ్రమ పడింది. అందుకే ఆ లాబ్రడార్ వాళ్ళతో తప్పంతా మీది కాదన్నాను. పక్కింటివాళ్ళ కుక్క సన్నగా ఉందంటే వాళ్ళు మీకన్నా మంచివాళ్ళని కాదు, వాళ్ళకి పని తేలికైంది. మీకు పని ఎక్కువ. ఇది చెప్పే పంపాను.

బాబాయ్: అమ్మేవాళ్ళు తల్లిదండ్రులకి పరీక్ష చేయించి, ఆ కాగితం చూపించి అమ్మాలి. అది చట్టం చెయ్యాలి.

డాక్టరమ్మ: పరీక్ష చేయించాలి, కొనేవాళ్ళకి చెప్పాలి. కానీ ఆ లోపం ఉన్నవాటన్నిటినీ జతకి పనికిరావని తీసేస్తే పావు వంతు కుక్కలు పోతాయి. వాటితోపాటు ఆ చురుకూ, మాట వినే గుణమూ ఎంత పోతుందో ఎవరికి తెలుసు? ఒక్క గుణం కోసం ఏరితే ఏమవుతుందో నీ పేరెంట్ కోళ్ళ షెడ్డులో నువ్వే చూశావు.

ఇక్కడ బాబాయ్ వైపు మొగ్గుతున్నాను. కాగితం చూపించి అమ్మితే ఏ కుక్కా వంశంలోంచి పోదు, కొనేవాళ్ళకి తమ ముందున్న పని తెలుస్తుంది. ఆ రోజు వచ్చేదాకా లాబ్రడార్ పిల్లని తెచ్చుకోబోయేవాళ్ళకి ఒక విన్నపం. తల్లి కుక్కనీ తండ్రి కుక్కనీ చూపించమని అడగండి, వాటి బరువెంతో అడగండి. వంటింట్లో వాడే చిన్న తూకం మిషన్ ఒకటి కొని, ప్యాకెట్ మీద రాసిన కొలతతో మొదలుపెట్టండి. నెలకోసారి పక్కటెముకల మీద చెయ్యి వేసి చూడండి. వేళ్ళకి అవి తేలిగ్గా తగలకపోతే, ప్యాకెట్ మీద ఏం రాసి ఉన్నా, పదో వంతు తగ్గించండి.